1908: ఒక సంవత్సరం, మూడు చందాల కథ



ప్రతి సంచికలోనూ మన సంస్థ గడిచిన సంవత్సరంలో ఏం చేసిందో, ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో మీ ముందు పెడుతున్నాం. ఈసారి దానితోపాటు చరిత్రలోని ఒక సంవత్సరాన్ని తీసుకుని, దాని జమాఖర్చులు చూద్దామనిపించింది. ఆ సంవత్సరం 1908. హిజ్రీ లెక్కలో 1325 చివరి రోజులు, 1326లో ఎక్కువ భాగం అందులోకి వస్తాయి.

ఈ సంవత్సరాన్నే ఎందుకు ఎంచుకున్నామంటే, ముస్లిముల దానధర్మాలకు సంబంధించిన రెండు పెద్ద సంఘటనలు ఆ ఏడు సెప్టెంబరు నెలలోనే జరిగాయి. ఒకటి మదీనాలో, రెండోది మన హైదరాబాద్‌లో. అంతకు కొద్ది రోజుల ముందు దక్షిణాఫ్రికాలో ఒక మసీదు ఆవరణ మొత్తం భారతీయ సమాజానికి వేదికయింది. అదే ఏడాది మెదక్ జిల్లా అందోల్‌లో ఒక బిడ్డ పుట్టాడు. ఇవన్నీ కలిపి చూస్తే, దానం ఇచ్చిన తర్వాత దానికి ఏమవుతుందన్న ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

ఆ ఏడాది లోకం తీరు

ముందుగా కాలాన్ని ఒకసారి తలచుకుందాం. మన దేశంలో వందేమాతరం ఉద్యమ వేడి ఇంకా తగ్గలేదు. 1908 జూలైలో బాలగంగాధర తిలక్‌కు రాజద్రోహం కేసులో ఆరేళ్ళ ప్రవాస శిక్ష పడి, ఆయన మాండలే జైలుకు వెళ్ళారు. ఆగస్టు 11న పద్దెనిమిదేళ్ళ ఖుదీరాం బోస్‌ను ఉరితీశారు. బెజవాడ నుంచి వెలువడే ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలు పాలయ్యారు. కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయి నుంచి ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా ప్రారంభించింది కూడా ఈ ఏడాదే. ఐరోపాలో చదువు ముగించుకుని డాక్టర్ ముహమ్మద్ ఇక్బాల్ లాహోరుకు తిరిగి వచ్చింది 1908 జూలైలో.

ముస్లిం ప్రపంచంలోనూ పెద్ద మార్పులు వచ్చాయి. మే 26న ఇరాన్‌లోని మస్జిదె సులైమాన్ వద్ద చమురు పడింది. పశ్చిమాసియాలో వ్యాపారానికి పనికొచ్చేంత చమురు దొరకడం అదే మొదలు. జూలైలో ఉస్మానియా సామ్రాజ్యంలో యువ తుర్కుల తిరుగుబాటు జరిగి, సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ రాజ్యాంగాన్ని తిరిగి అమలు చేయవలసి వచ్చింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఆయన గద్దె దిగారు. కానీ దిగేలోపు ఆయన కలలుగన్న ఒక పని పూర్తయింది.

మొదటి చందా: మదీనాకు రైలు

ఆ రోజుల్లో హజ్ యాత్ర అంటే ప్రాణాలకు తెగించడమే. దమిష్క్ నుంచి మదీనాకు ఒంటెల బిడారులో సుమారు 40 రోజులు పట్టేది. దాహం, జబ్బులు, దారి దోపిడీలు. వీలునామా రాసి, అప్పులు తీర్చి, అందరి దగ్గరా తప్పొప్పులు మన్నించమని అడిగి బయలుదేరేవారు.

1900 మే నెలలో సుల్తాన్ అబ్దుల్ హమీద్ దమిష్క్ నుంచి పవిత్ర నగరాలకు రైలుమార్గం వేస్తామని ప్రకటించారు. విదేశీ బ్యాంకుల అప్పు తీసుకోకుండా ముస్లిముల సొంత సొమ్ముతో వేయాలని నిర్ణయించారు. మొదటి చందా 50,000 లీరాలు సుల్తానే వేశారు. ఆ తర్వాత చందాలు ఈజిప్టు నుంచి, మొరాకో నుంచి, రష్యా ముస్లిముల నుంచి, భారతదేశం నుంచి వచ్చాయి. ఇచ్చినవారికి హోదాను బట్టి పతకాలు ఇచ్చారు. ఖుర్బానీ తోళ్ళు అమ్మగా వచ్చిన సొమ్ము కూడా ఈ నిధికి చేరింది. ఈద్ నాడు వీధి వీధికీ తిరిగి తోళ్ళు పోగుచేసే మన కార్యకర్తలకు ఈ సంగతి తెలిస్తే సంతోషిస్తారు. మొత్తం ఖర్చులో సుమారు మూడో వంతు చందాల రూపంలో వచ్చింది. అయితే అందులో అంతా ఇష్టపూర్వకంగా ఇచ్చింది కాదన్న మాట కూడా దాచకూడదు. ప్రభుత్వోద్యోగుల జీతాల్లోంచి చందా పేరిట కోతలు విధించారు.

మన దక్కనుకూ ఇందులో భాగముంది. హైదరాబాద్‌లో ఈ నిధి కోసం పాటుపడినవారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ముఖ్యులు. అరబీ గ్రంథాల ముద్రణకు పేరుపొందిన దాయిరతుల్ మఆరిఫ్ స్థాపనలో పాలుపంచుకున్నది ఆయనే. కాంగ్రెస్‌లో ముస్లిములు చేరాలని ధైర్యంగా చెప్పినదీ ఆయనే. ఆయన 1906లో కన్నుమూశారు. తాను చందాలు పోగుచేసిన రైలు మదీనా చేరడం ఆయన చూడలేదు.

1908 సెప్టెంబరు 1న మదీనా స్టేషను ప్రారంభోత్సవం జరిగింది. దమిష్క్ నుంచి సుమారు 1,300 కిలోమీటర్ల దారి. ఎక్కువ శ్రమ సైనికులది. ప్రధాన ఇంజనీరు మైస్నర్ జర్మన్. ముస్లిమేతరులకు ప్రవేశం లేని చివరి భాగాన్ని ముస్లిం ఇంజనీర్లే పూర్తిచేశారు. నలభై రోజుల ప్రయాణం మూడు నాలుగు రోజులకు తగ్గింది. విదేశీ అప్పు లేకుండా, ఎనిమిదేళ్ళలో, ఎడారిలో ఇంత పని జరగడం ఆనాటి ఐరోపాను కూడా ఆశ్చర్యపరిచింది.

కథ ఇక్కడితో ఆగితే ఎంత బాగుండేది! కానీ ఆ రైలు మదీనాకు సక్రమంగా నడిచింది పదేళ్ళ లోపే. మక్కా దాకా వేయవలసిన దారి ఎన్నడూ పడలేదు. యాత్రికులకు ఒంటెలు బాడుగకిచ్చి బతికే తెగలవారికి ఈ రైలు పొట్టకొట్టేదిగా కనిపించింది. వాళ్ళు మొదటినుంచీ ఎదురుతిరిగారు. మరో సంగతి, ఈ దారిలో యాత్రికులతోపాటు సైన్యం కూడా ప్రయాణించింది. సుదూర ప్రాంతాలపై పట్టు నిలుపుకోవాలన్న ప్రభుత్వ ఉద్దేశం మొదటినుంచీ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇది యుద్ధమార్గమయింది. 1916 నుంచి 1918 వరకు అరబ్బుల తిరుగుబాటులో పట్టాలు, వంతెనలు పేల్చేశారు. యుద్ధం తర్వాత దారి పొడవునా కొత్త సరిహద్దులు వెలిశాయి. ఉత్తరాన కొన్ని ముక్కలు మాత్రమే పనిచేశాయి. మదీనా స్టేషను నేడు ప్రదర్శనశాల.

ఇచ్చినవారి సంకల్పానికి అల్లాహ్ దగ్గర ప్రతిఫలం ఉంటుందన్న నమ్మకం మనది. అందులో లోటు లేదు. కానీ నిర్వహించేవారు నేర్చుకోవలసినవి రెండున్నాయి. ఒక మేలు చేసేటప్పుడు దానివల్ల జీవనాధారం పోయేవారెవరో ముందే చూడాలి. దానం పేరిట వచ్చిన సొమ్ము వేరే అవసరానికి అక్కరకొచ్చే ఏర్పాటు ఉంటే, చివరికి ఆ అవసరమే దాన్ని మింగేస్తుంది.

నడుమ ఒక మసీదు ఆవరణ

రైలు మదీనా చేరడానికి రెండు వారాల ముందు, ఆగస్టు 16న, దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో హమీదియా మసీదు ఆవరణ జనంతో నిండిపోయింది. ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఆసియా వాసులందరూ వేలిముద్రలిచ్చి నమోదు పత్రం దగ్గర పెట్టుకోవాలని చట్టం చేసింది. గాంధీజీ నాయకత్వంలో జనం స్వచ్ఛందంగా నమోదయితే చట్టం రద్దుచేస్తామన్న మాటను ప్రభుత్వం నిలుపుకోలేదు. ఆ రోజు మసీదు ముందు పెద్ద ఇనుప పాత్ర పెట్టి, రెండు వేలకు పైగా పత్రాలను కిరసనాయిలు పోసి తగలబెట్టారు. ముస్లిములు, హిందువులు, పార్శీలు, చైనీయులు అందరూ అక్కడ ఉన్నారు.

ఆ ఉద్యమానికి తోడు నిలిచిన సంఘాల్లో హమీదియా ఇస్లామిక్ సొసైటీ ఒకటి. మన సంస్థవంటిదే. తమవారి బాగోగుల కోసం పెట్టుకున్న సంఘం, అవసరం వచ్చినప్పుడు అందరి గౌరవం కోసం నిలబడింది. దాని అధ్యక్షులైన ఇమాం అబ్దుల్ ఖాదిర్ బావజీర్ ఆ పోరాటంలో జైలుకు కూడా వెళ్ళారు. తర్వాత గాంధీజీతోపాటు భారతదేశం వచ్చి సబర్మతి ఆశ్రమంలో ఉన్నారు. ఒక సంస్థ స్థలం, పేరు, పరపతి కూడా దానమే అవుతాయని ఆ మసీదు ఆవరణ గుర్తుచేస్తుంది.

రెండో చందా: మూసీ తుగ్యానీ

మదీనా స్టేషను తెరిచి నెల తిరగకుండానే హైదరాబాద్ మీద విపత్తు విరుచుకుపడింది. పాత బస్తీ పెద్దలు నేటికీ ‘తుగ్యానీ’ అని పిలిచే మూసీ వరద 1908 సెప్టెంబరు 28న వచ్చింది. ఎగువన శంషాబాద్‌లో ఒక్క రోజులో 12 అంగుళాలకు పైగా వాన కురిసింది. మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. ఒక చెరువు తెగి మరో చెరువు మీద పడి, నీళ్ళన్నీ ఒకేసారి నగరం మీదికి వచ్చాయి. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. నిలువనీడ కోల్పోయినవారు సుమారు 80,000.

అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి తోటలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. రుబాయీలకు పేరుపొందిన కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలోనే పోగొట్టుకున్నారు. ఆ ఇంట్లో మిగిలింది ఆయన ఒక్కరే.

వెంటనే చేయవలసినది వెంటనే జరిగింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఉచిత వంటశాలలు తెరిపించారు. నిరాశ్రయులకు ప్రాసాదాల తలుపులు తెరిచారు. హిందువులు, ముస్లిములు ఒకే బంతిలో తిన్నారు. సరోజినీ నాయుడు సహాయ కార్యక్రమాల్లో ముందు నిలిచారు. ఆ సేవకు ప్రభుత్వం ఆమెకు కైసరె హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ ఘోరం తర్వాత ఆమె దాన్ని తిప్పి పంపేశారు.

ఇంతవరకు ఏ విపత్తులోనైనా జరిగేదే. అన్నం పెట్టాం, గుడ్డలిచ్చాం, కష్టం గడిచింది అనుకుంటాం. హైదరాబాద్ అక్కడితో ఆగలేదు. నీళ్ళు తీసిన తర్వాత, ఇది మళ్ళీ రాకుండా ఏం చేయాలన్న ప్రశ్న వేసుకుంది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి చదువు చేయించారు. ఎగువన మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద జలాశయాలు కట్టి వరదను పట్టి ఉంచాలని, ఆ నీటినే నగరానికి తాగడానికి ఇవ్వాలని ఆయన నివేదిక ఇచ్చారు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ మరణించారు. వారసుడైన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ పనిని వదిలిపెట్టలేదు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మూసీ ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి లేచాయి.

అంటే వరదకూ రెండో జలాశయానికీ మధ్య 19 ఏళ్ళు గడిచాయి. 1908లో వంటశాలలో అన్నం తిన్న పసివాడు హిమాయత్ సాగర్ నిండేనాటికి ఇరవై దాటిన యువకుడు. అన్నేళ్ళు పని పట్టుకుని ఉండడమే అసలు సంగతి. ఆ నీళ్ళు హైదరాబాద్ తరతరాలుగా తాగింది. సదఖయె జారియా అంటే మనకు బావి, మసీదు, మదరసా గుర్తుకొస్తాయి. ఒక ఊరిని ముంపు నుంచి కాపాడే కట్ట కూడా ఆ కోవలోనిదే కదా.

కట్టినదాన్ని చూసుకోకపోతే ఏమవుతుందో కూడా మూసీయే చెప్పింది. 2020 అక్టోబరు వానలకు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు నది ఒడ్డు పేట ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. పూడిపోయిన నాలాలు, ఆక్రమించిన చెరువు శిఖాలు మన కళ్ళముందే ఉన్నాయి.

మూడో చందా: ఒక అనాథ బాలుడు

1908లో తెలంగాణలో పుట్టినవారిలో ఇద్దరిని తలచుకోవాలి. ఒకరు నల్లగొండ ప్రాంతం బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి. భూస్వాముల కుటుంబంలో పుట్టి, సొంత భూమిని పేదలకు పంచి, 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి జవహర్‌లాల్ నెహ్రూకంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు గెలిచినవారు. రెండోవారు ఆయన సహచరుడే, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్. 1908 ఫిబ్రవరి 4న అందోల్‌లో పుట్టారు.

మఖ్దూం పసితనంలోనే తండ్రి పోయారు. తల్లి మరో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే, ఆమె కూడా చనిపోయిందనే పిల్లవాడికి చెప్పారు. చిన్నాన్న బషీరుద్దీన్ ఇంట పెరిగారు. ఆ ఇల్లు కలిగినది కాదు. పిల్లవాడు మసీదు ఊడ్చేవాడు, నీళ్ళు తోడేవాడు. దస్తర్‌ఖాన్ దగ్గర చిన్నాన్న లోకం సంగతులు చెప్పేవారట. ధనిక, పేద తేడా లేకుండా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద తినే రోజు గురించి ఆయన చెప్పిన మాటలు ఆ పిల్లవాడి మనసులో జీవితాంతం నిలిచాయి.

చదువు కోసం హైదరాబాద్ వచ్చిన మఖ్దూం బస లేక కొన్నాళ్ళు మసీదులో తలదాచుకున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1936లో ఎం.ఏ. పూర్తిచేశారు. తర్వాత అధ్యాపకుడుగా పనిచేసింది సిటీ కాలేజీలో. వరద తర్వాత మూసీ ఒడ్డున లేచిన ఆ భవనంలోనే, వరద ఏడాది పుట్టిన అనాథ పిల్లవాడు పాఠం చెప్పాడు! ఆ తర్వాత ఆయన జీవితం కార్మికుల కోసం, తెలంగాణ రైతుల కోసం గడిచింది. జైళ్ళూ, అజ్ఞాతవాసమూ చూశారు, శాసనసభలోనూ కూర్చున్నారు. 1969 ఆగస్టులో ఢిల్లీలో మరణించారు. ‘బిసాతె రఖ్స్’ కవితా సంపుటికి ఆ ఏడాది సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఆయన కవితను ఇష్టపడ్డారు, ఆయన నిజాయితీని శంకించలేదు.

ఇందులో చందా ఏదని అడగవచ్చు. బషీరుద్దీన్ పెట్టిన అన్నమే ఆ చందా. దానికి రసీదు లేదు, పతకం లేదు. అన్న కొడుకును తన పిల్లల్లో ఒకడిగా కూర్చోబెట్టుకుని ఏళ్ళ తరబడి పెంచడమే ఆయన చేసింది. రాత్రి తలుపు మూయకుండా విద్యార్థికి చోటిచ్చిన మసీదువారు కూడా ఆ దాతల్లో ఉన్నారు.

జమాఖర్చు

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. రైలుకు వచ్చిన చందా మిగతావాటికంటే ఎన్నోరెట్లు పెద్దది, పేరూ ఎక్కువే వచ్చింది, పదేళ్ళలో ఆగిపోయింది. వరద సహాయం అన్నంతో మొదలై, పట్టు విడవనందువల్ల తరతరాలకు నీళ్ళయింది. మూడోది ఒక్క ఇంట్లో జరిగింది. ఎవరూ లెక్క రాయలేదు. దాని ఫలం ఒక భాషకే అందింది.

సేవాసంస్థలు నడిపేవారికి ఒక అనుభవం తప్పదు. తుఫాను వచ్చిన వారంలో, రంజాన్ చివరి పది రోజుల్లో దాతల చేయి ధారాళంగా ఆడుతుంది. అది అల్లాహ్ అనుగ్రహమే. కానీ హాస్టలు పిల్లవాడి ఫీజు ప్రతి నెలా కట్టాలి. కుట్టుమిషను ఇచ్చిన ఇల్లాలికి అది చెడిపోతే బాగుచేయించేవారు కావాలి. వేసిన బోరుకు మోటారు కాలిపోతే మళ్ళీ డబ్బు కావాలి. వీటికి ఫోటో ఉండదు, శంకుస్థాపన రాయి ఉండదు. అందుకే వీటికి చందా దొరకడం కష్టం. మొదలుపెట్టిన మంచిపని మూడో ఏట ఆగిపోయేది సాధారణంగా ఇక్కడే.

కాబట్టి దాతలకు ఒక మనవి. ఈ సంవత్సరం మాకుగానీ, మరే సంస్థకుగానీ చందా ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ పని వల్ల నష్టపోయేవారెవరైనా ఉన్నారా, వాళ్ళ సంగతి చూశారా? ఈ సొమ్ము ఇచ్చిన పనికే ఖర్చవుతుందని లెక్క చూపిస్తారా? పని అయిపోయాక అయిదేళ్ళకు, పదేళ్ళకు దాన్ని చూసుకునేదెవరు? అడిగితే నొచ్చుకుంటారేమోనని సంకోచించకండి. అడగడం మీ హక్కు, జవాబు చెప్పడం మా బాధ్యత.

రెండో మనవి కూడా ఉంది. మీరిచ్చే దానిలో ఒక భాగాన్ని నెలనెలా ఇచ్చేదిగా మార్చండి. మొత్తం చిన్నదైనా ఫర్వాలేదు. ఒక పిల్లవాడి పేరు, తరగతి తెలుసుకుని, వాడి చదువు ముగిసేదాకా వెంట ఉండండి. వాడు కవి కావచ్చు, ఇంజనీరు కావచ్చు, నిజాయితీగా రిక్షా తొక్కి తన పిల్లల్ని చదివించుకునే తండ్రి కావచ్చు. అందోల్‌లోని ఆ చిన్నాన్నకు మాత్రం ముందు తెలుసా?

ముల్లా అబ్దుల్ ఖయ్యూం తన రైలును చూడలేదు. మహబూబ్ అలీ ఖాన్ తాను మొదలుపెట్టించిన జలాశయాల్ని చూడలేదు. ఇచ్చినవాడు ఫలితం చూడకపోవడం దానంలో మామూలే. వెనుక వచ్చేవారు దాన్ని పట్టుకుని ఉంటే చాలు.

మనం ఇచ్చినదాన్ని, మన తర్వాతివారు చూసుకునేదాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.